లోహంతో ముఖాముఖి: ఒకే మందం, ఒకే వేడి, రెండు రకాల రేకులు

పోయిన సంచికలో నేను రాసిన ఒక వాక్యానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. "నా చేతికి ఒక అల్యూమినియం రేకు ఇచ్చి ఇది ఎలాంటిదో చెప్పమంటే, దాని కూర్పు కన్నా, మందం కన్నా ముందు దాని గతం అడుగుతాను" అని రాశాను. ఆ గతం ఏమిటి, అది లోపల ఎలా నిలుస్తుంది, వేడి చేస్తే చెరిగిపోదా అని పాఠకులు అడిగారు. ముప్ఫై ఏళ్లుగా లోహపు ముక్కలను కోసి, నునుపు చేసి, మైక్రోస్కోప్ కింద చూడటమే నా వృత్తి. నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను రేకులను ప్రెస్సులో ఒత్తి కప్పు ఆకారపు భాగాలు తయారుచేసే చోట పర్యవేక్షకుడిని. రెండు బ్యాచ్‌లు వచ్చాయి. ఒకే మిశ్రమ లోహం, రెండూ 1 మిల్లీమీటరు మందం, రెండింటినీ ఒకే ఫర్నేస్‌లో 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు అనీల్ చేశారు, అంటే మెత్తబడేలా వేడిలో ఉంచారు. మొదటి బ్యాచ్ నున్నగా దిగింది. రెండోది ఒత్తగానే పైభాగమంతా నారింజ తొక్కలా గరుకు తేలింది. ఫర్నేస్‌ను అనుమానించాలా?

జవాబు: ఫర్నేస్ జోలికి వెళ్లే ముందు రోలింగ్ రిజిస్టరు, అంటే రేకును రోలర్ల మధ్య ఎప్పుడు ఎంత నలిపి పలచబరిచారో రాసే పుస్తకం, తెప్పించుకోండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అచ్చం ఇలాంటి రెండు రేకులే నా బల్ల మీదికి వచ్చాయి. మూడు రోజులు ఫర్నేస్ ఉష్ణోగ్రత చార్టులు తిరగేశాను. వేడి కొలిచే థర్మోకపుల్ మార్పించాను. రేకులను ఫర్నేస్‌లో ఏ మూల పేర్చారో కూడా అడిగాను. ఎక్కడా తప్పు దొరకలేదు. నాలుగో రోజు రెండింటి నుంచీ చిన్న ముక్కలు కోసి ఎచింగ్ చేశాను, అంటే లోపలి నిర్మాణం తేలేలా ద్రావణంలో ముంచాను.

లోహం చూడటానికి ఏకఖండంలా ఉన్నా, అది అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాల కూర్పు. ఒక్కో స్ఫటికాన్నీ గ్రెయిన్ అంటాం. ఇక్కడ రేణువు అని రాస్తాను. నున్నటి రేకులో రేణువులు 30 మైక్రాన్ల (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణంలో సమంగా ఉన్నాయి. వాటిని చూడటానికి మైక్రోస్కోప్ కావాల్సి వచ్చింది. గరుకు రేకుకు ఆ అవసరమే రాలేదు. ద్రావణంలోంచి తీసి, నీళ్లతో కడిగి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోగానే రేణువులు కంటికే కనిపించాయి. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు పైమాటే. ముక్కను కొద్దిగా తిప్పితే ఒకటి తళుక్కుమనేది, పక్కది నల్లబడేది. ఇంకొంచెం తిప్పితే వాటి వంతులు మారేవి. 1 మిల్లీమీటరు మందంలో రెండే రేణువులు ఉన్న చోటు కూడా కనిపించింది. అలాంటి రేకును సాగదీస్తే ప్రతి రేణువూ తన దిశను బట్టి వేరేగా సాగుతుంది. ఒకటి లోపలికి దిగుతుంది, పక్కది పైకి లేస్తుంది. మీరు చూసిన గరుకు అదే.

అప్పుడు రిజిస్టరు తీశాం. మొదటి రేకు 4 మిల్లీమీటర్ల నుంచి 1 మిల్లీమీటరు దాకా చల్లగానే, మధ్యలో ఎక్కడా ఆగకుండా రోల్ అయింది. అంటే 75 శాతం తగ్గుదల. రెండోదాన్ని 1.05 మిల్లీమీటర్ల దగ్గర ఆపి, ఏదో కారణంతో అనీల్ చేసి, తర్వాత మందం సరిచేయడానికి ఒక్క తేలికపాటి పాస్ ఇచ్చారు, అంటే రోలర్ల మధ్య ఒకసారి పంపారు. దాని వాటా సుమారు 5 శాతం. ఆ తర్వాత రెండూ ఒకే ఫర్నేస్‌లోకి వెళ్లాయి. కాగితం మీద రెండింటికీ ఆరంభం ఒకటే, ముగింపు ఒకటే. కానీ రెండో రేకు అంతకుముందు జరిగిన సుమారు 74 శాతం పనినీ మధ్యలో చేసిన ఆ అనీలింగ్‌లోనే మరిచిపోయింది. ఆఖరి వేడికి దాని దగ్గర మిగిలిన గతం ఆ 5 శాతమే.

ఆ కొద్దిపాటి పని ఎందుకింత చేటు చేస్తుందో చెబుతాను. చల్లగా రోల్ చేసిన లోహాన్ని వేడి చేస్తే అందులో కొత్త రేణువులు పుట్టి, పాత నలిగిన లోహాన్ని తినేస్తూ పెరుగుతాయి. దీన్ని పునఃస్ఫటికీకరణ అంటాం. బాగా నలిగిన లోహంలో కొత్త రేణువులకు బీజాలు వేల చోట్ల దొరుకుతాయి. అవన్నీ ఒకేసారి పెరుగుతూ తొందరగానే ఒకదాన్నొకటి ఢీకొని ఆగిపోతాయి. అందుకే చిన్నవిగా మిగులుతాయి. 5 శాతం మాత్రమే నలిగిన లోహంలో బీజాలు అరుదు. పుట్టిన నాలుగైదుకు అడ్డే లేదు. మందం మొత్తం ఆక్రమించేదాకా పెరుగుతాయి. 1 శాతం లోపు నలిగితే ఆ బీజాలు కూడా పుట్టవు, పాత రేణువులే నిలుస్తాయి. బాగా నలగడానికీ, దాదాపు నలగకపోవడానికీ మధ్య ఉన్న ఈ ఇరుకు పట్టీని క్రిటికల్ స్ట్రెయిన్ అంటారు.

దీన్ని కావాలని వాడుకున్నవారూ ఉన్నారు. 1921లో లండన్‌లో హెరాల్డ్ కార్పెంటర్, కాన్‌స్టన్స్ ఈలమ్ అల్యూమినియం ముక్కలను ముందు అనీల్ చేసి, అతి కొద్దిగా సాగదీసి, నెమ్మదిగా వేడి పెంచుతూ పోయి, ముక్క మొత్తం ఒకే స్ఫటికం అయ్యేలా చేశారు. అలాంటి స్ఫటికాలనే తీసుకుని జెఫ్రీ టేలర్, ఈలమ్ కలిసి లోహం సాగేటప్పుడు అణువుల పొరలు ఏ తలాల మీద, ఏ దిశలో జారతాయో 1923లో కొలిచి చూపారు. మీ రేకును పాడుచేసిన సంగతే వాళ్ల చేతిలో పరికరం అయింది.

మీరు చేయాల్సింది ఇది. 2 నుంచి 10 శాతం మధ్య ఆగిపోయిన రోలింగ్ మీద మళ్లీ పూర్తి అనీలింగ్ చేయనివ్వకండి. మీ ప్రెస్సులోనూ ఇదే జాగ్రత్త కావాలి. రెండు దశల్లో ఒత్తే భాగాన్ని మధ్యలో అనీల్ చేస్తే, గోడలు బాగా సాగి ఉంటాయి కాబట్టి వాటికి ఏమీ కాదు. కప్పు అడుగు మాత్రం ఏ 3 శాతమో సాగి ఉంటుంది. పెద్ద రేణువులు అక్కడే తేలతాయి.

ప్రశ్న: నేను మెటలర్జీ రెండో సంవత్సరం విద్యార్థినిని. లోహానికి గతం గుర్తుంటుందని మీరంటున్నారు. ఆ గుర్తు లోపల ఎక్కడ ఉంటుంది?

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న పని చెయ్యి. మీ ప్రయోగశాలలో 3 మిల్లీమీటర్ల మెత్తటి అల్యూమినియం తీగ జానెడు ముక్క తీసుకో. మధ్యలో లంబకోణానికి వంచు. సులువుగా వంగుతుంది. ఇప్పుడు రెండు చివర్లూ పట్టుకుని మళ్లీ నిటారు చెయ్యడానికి ప్రయత్నించు. వంపు ఉన్న చోట అది తిరిగి సాపు కాదు. దానికి అటూ ఇటూ ఉన్న మెత్తటి భాగం వంగుతుంది, మధ్యలో మొండి గూని ఒకటి మిగిలిపోతుంది. అది కొన్ని సెకన్ల కిందటే పుట్టిన గతం. ఆ తీగను 400 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చాక మళ్లీ ప్రయత్నిస్తే గూని మాట వింటుంది.

ఆ గతం దాగి ఉన్నది డిస్‌లొకేషన్లలో. స్ఫటికంలో అణువుల వరుసలు ఒక గీత వెంట తప్పిపోయిన చోటును అలా అంటాం. లోహం సాగడమంటే ఆ గీతలు స్ఫటికం గుండా జారడమేనని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ఎవరికి వారే ప్రతిపాదించారు. జారుతూ అవి పెరుగుతాయి, ఒకదానికొకటి చిక్కుకుంటాయి, తర్వాత వచ్చేవాటికి అడ్డు నిలుస్తాయి. బాగా అనీల్ చేసిన లోహంలో ఒక ఘన సెంటీమీటరులో ఉన్న గీతలన్నీ కలిపి కొలిస్తే 10 నుంచి 100 కిలోమీటర్ల పొడవు రావచ్చు. బాగా రోల్ చేసిన అల్యూమినియంలో అదే ఘన సెంటీమీటరులో లక్ష కిలోమీటర్లు దాటుతుంది. ఈ లెక్క మొదటిసారి చేసిన రోజు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

1934లోనే టేలర్, క్విన్నీ ఇంకో సంగతి కొలిచారు. లోహాన్ని నలిపేటప్పుడు మనం పెట్టిన శ్రమలో చాలా భాగం అక్కడికక్కడే వేడిగా పోతుంది. చిన్న వాటా మాత్రం, సాధారణంగా పదో వంతుకు మించకుండా, లోపల నిల్వ ఉండిపోతుంది. తర్వాత అనీలింగ్‌లో జరిగేదంతా ఆ నిల్వ శక్తి ఖర్చుతోనే జరుగుతుంది. ఫర్నేస్ వేడి కేవలం కదలడానికి వీలు కల్పిస్తుంది, కదిలించేది ఆ పాత శ్రమే. ఈ వాక్యం నీ నోట్సులో రాసుకో. పాఠ్యపుస్తకంలో గ్రాఫుల వెనక ఇది కనబడకుండా పోతుంది.

అల్యూమినియానికి ఒక ప్రత్యేక స్వభావం ఉంది. రాగిలో, ఇత్తడిలో డిస్‌లొకేషన్ ఒక తలం నుంచి ఇంకో తలానికి మారడం కష్టం. అల్యూమినియంలో సులువు. దాని స్టాకింగ్ ఫాల్ట్ శక్తి (అణువుల పొరల పేర్పు తప్పడానికి పట్టే శక్తి) రాగి కన్నా రెండు రెట్లకు పైగా ఉండటమే కారణం. అందుకే అల్యూమినియంలో డిస్‌లొకేషన్లు చిందరవందరగా ఉండిపోవు. గోడలుగా పేరుకుని, మధ్యలో దాదాపు ఖాళీ గదులు మిగుల్చుతాయి. వీటిని సబ్‌గ్రెయిన్లు అంటాం. అనీలింగ్ మొదట్లోనే ఈ గోడలు చక్కబడి, గదులు కొంచెం పెద్దవై, లోహం కొంత మెత్తబడుతుంది. కొత్త రేణువు ఒక్కటీ పుట్టకముందే జరిగే ఈ పనిని రికవరీ అంటారు. అది నిల్వ శక్తిలో కొంత ముందే ఖర్చు చేసేస్తుంది కాబట్టి పునఃస్ఫటికీకరణకు మిగిలేది తగ్గుతుంది. అల్యూమినియంలో ఈ రెండూ ఎప్పుడూ పోటీపడుతూనే ఉంటాయి.

ప్రశ్న: ఒక కడ్డీని ఒక వైపు మెలితిప్పి, అంతే కోణం వెనక్కి తిప్పితే ఆకారం యథాస్థితికి వస్తుంది. దాని గతం కూడా చెరిగిపోయినట్టేనా? లేక రెండు తిప్పుళ్లూ కలిసి రెట్టింపు గతం అవుతుందా? నా పరిశోధన ఈ అంశం చుట్టూనే తిరుగుతోంది, మార్గదర్శకులను అడిగితే లెక్క వేసి చూడమన్నారు.

జవాబు: మంచి ప్రశ్న. లెక్క వేస్తే వచ్చే సమాధానం ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. సూత్రాల్లో వికృతిని, అంటే లోహం ఆకారం ఎంత మారిందో చెప్పే అంకెను, కూడుకుంటూ పోతాం. ముందుకు 1, వెనక్కి 1, మొత్తం 2. ఒకే వైపు 2 దాకా మెలితిప్పిన కడ్డీకీ ఇదే అంకె వస్తుంది. రెండింటినీ కలిపి ఒకే ఫర్నేస్‌లో పెట్టి చూడండి. ఒకే వైపు తిప్పినది తొందరగా, చిన్న రేణువులతో పునఃస్ఫటికీకరణ చెందుతుంది. వెనక్కి తిప్పినది ఆలస్యం చేస్తుంది, దాని రేణువులు పెద్దవిగా వస్తాయి. అలాగని ముట్టుకోని కడ్డీలానూ అది ప్రవర్తించదు. దాని గతం సున్నాకూ రెండుకూ మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడుందో ఆ అంకె చెప్పలేదు.

లోపల రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది డిస్‌లొకేషన్లది. ముందుకు తిప్పినప్పుడు అవి గోడల దగ్గర ఒకే వైపు నుంచి వచ్చి పోగుపడతాయి. దిశ మార్చగానే వాటిలో కొన్ని వచ్చిన దారినే వెనక్కి జారి, ఎదురైన వ్యతిరేక రకం వాటితో కలిసి మాయమవుతాయి. గోడలు కొన్ని విడిపోతాయి. వెనక్కి తిప్పడం మొదలుపెట్టిన వెంటనే లోహం మెత్తగా లొంగడం మీరు కొలతల్లో గమనించే ఉంటారు. దిశ మారితే లోహం ముందే లొంగుతుందని 1880లలో మ్యూనిక్‌లో యోహాన్ బౌషింగర్ చూపించాడు, ఆయన పేరు మీదే ఆ ప్రభావాన్ని పిలుస్తాం. ఇంకా వెనక్కి తిప్పుతూ పోతే కొత్త దిశకు తగిన కొత్త గోడలు లేస్తాయి. అయితే అవి మొదటివాటి మీద అంతస్తులా చేరవు, చాలావరకు వాటి స్థానంలో లేస్తాయి. పక్కపక్క గదుల మధ్య దిశాభేదం పెరగాల్సినంత పెరగదు. బీజం కావాలంటే 15 డిగ్రీలకు పైబడిన భేదం ఉన్న సరిహద్దు కావాలి. అలాంటివి ఇక్కడ తక్కువ.

రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. అది రేణువుల ఆకారం. ఒకే వైపు మెలితిప్పితే ప్రతి రేణువూ ఏటవాలుగా సాగి పలచని రిబ్బనులా మారుతుంది. సాగిన రేణువుకు ఉపరితలం ఎక్కువ. అంటే పాత సరిహద్దుల విస్తీర్ణం పెరుగుతుంది, కొత్త బీజాలు ఎక్కువగా పుట్టేది ఆ సరిహద్దుల మీదే. వెనక్కి తిప్పితే రిబ్బను మళ్లీ గుండ్రబడుతుంది. విస్తీర్ణం మొదటికి వస్తుంది. బీజాలకు దొరికిన చోటంతా తిరిగి పోతుంది. మీ కడ్డీని పొడవు దిశలో కోసి, ఉపరితలానికి దగ్గరగా చూడండి. మెలితిప్పిన కడ్డీలో వికృతి మధ్యలో సున్నా, అంచున గరిష్ఠం. ఒక్క ముక్కలోనే అన్ని మోతాదులూ వరుసగా దొరుకుతాయి. నాకు ఈ పరీక్ష మీద ఇంత మక్కువ ఉండటానికి కారణం అదే.

ఇదే సూత్రం ఇంకోచోట చాలా అందంగా కనిపిస్తుంది. వంకర కాలువ గుండా లోహపు దిమ్మెను తోసే ఈక్యాప్ పద్ధతి చదివే ఉంటారు. 90 డిగ్రీల మలుపున్న కాలువలో ఒక్కో పాస్‌కు సుమారు 1 వికృతి వస్తుంది, దిమ్మె ఆకారం మాత్రం మారదు. రెండో పాస్‌కు దిమ్మెను ఎలా తిప్పి పెట్టారన్నదే అంతా. 180 డిగ్రీలు తిప్పి పెడితే రెండో పాస్ మొదటిదాన్ని వెనక్కి తీస్తుంది, మీ కడ్డీలాగే. ప్రతిసారీ ఒకే వైపు 90 డిగ్రీలు తిప్పితే కొత్త జారుడు తలాలు పాత గోడలను అడ్డంగా కోస్తాయి. సమంగా, సన్నగా ఉండే రేణువుల కోసం ఎక్కువమంది ఎంచుకునేది ఈ రెండో దారి. నాలుగు పాస్‌ల తర్వాత రెండు దిమ్మెలకూ వికృతి అంకె ఒకటే, లోపలి నిర్మాణం వేరు. మీ సిద్ధాంత గ్రంథంలో ప్రతి పట్టికలోనూ మొత్తం వికృతి పక్కన దారి అనే గడి ఒకటి పెట్టండి.

ప్రశ్న: హెచ్14, హెచ్24 రెండూ సగం గట్టి రేకులే కదా. ధరల పట్టికలో రెండు పేర్లు ఎందుకు?

జవాబు: బలం దాదాపు ఒకటే, దారి వేరు. హెచ్14 మెత్తటి రేకును సగం గట్టిపడేదాకా రోల్ చేసి ఆపినది. హెచ్24 అంతకన్నా ఎక్కువ గట్టిపడేలా రోల్ చేసి, తర్వాత కొద్దిగా వేడి చేసి సగానికి దించినది. మొదటిదానిలో డిస్‌లొకేషన్ల చిక్కు ఇంకా తాజాగా ఉంటుంది. రెండోదానిలో రికవరీ జరిగి గోడలు చక్కబడి ఉంటాయి, అందుకే అదే బలానికి కొంచెం ఎక్కువ సాగుతుంది. వంచి మలిచే పని ఉంటే నేను హెచ్24 అడుగుతాను. ఎంత తేడాలో ఈ ఆట నడుస్తుందో తెలియడానికి ఒక ఉదాహరణ: దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం అయిన 1100 రకం పూర్తి మెత్తగా ఉన్నప్పుడు తెగే బలం సుమారు 90 మెగాపాస్కల్, పూర్తి గట్టిదైన హెచ్18లో సుమారు 165.

ప్రశ్న: వేడిగా రోల్ చేస్తే లోహం అప్పటికప్పుడే మెత్తబడుతుంది కదా. అప్పుడు గతం మిగిలే ప్రశ్నే లేదనుకుంటాను.

జవాబు: ఉక్కులో, రాగిలో వేడి మీదే కొత్త రేణువులు పుట్టడం మామూలు. అల్యూమినియంలో మామూలుగా అలా జరగదు. రోల్ కింద ఉండగానే రికవరీ జోరుగా సాగి, సబ్‌గ్రెయిన్ల నిర్మాణం ఒక స్థాయికి చేరి నిలబడుతుంది. ఆ గదుల పరిమాణం రెండింటిని బట్టి ఉంటుంది: ఎంత వేడి, ఎంత వేగం. ఈ రెండింటినీ ఒకే అంకెలోకి తెచ్చే సూత్రాన్ని జీనర్, హాలొమన్ 1944లో ఇచ్చారు. వేగం పెరిగినా, వేడి తగ్గినా ఆ అంకె పెరుగుతుంది, గదులు చిన్నవవుతాయి, నిల్వ శక్తి పెరుగుతుంది. కాబట్టి 500 డిగ్రీల దగ్గర మొదలై 300 దగ్గర ముగిసిన రేకు చుట్ట, 400 దగ్గర ముగిసిన చుట్టలా తర్వాత ప్రవర్తించదు. చివరి పాస్‌ల ముద్ర అన్నిటికన్నా లోతుగా ఉంటుంది.

ఇక్కడ కూడా వరుస ముఖ్యం. వేగాన్ని హఠాత్తుగా మారిస్తే లోపలి గదులు ఆ క్షణంలోనే మారవు. కొత్త వేగానికి తగ్గట్టు సర్దుకోవడానికి ఇంకొంత వికృతి జరగాలి. ఈలోపు లోహాన్ని ఆపేస్తే అది అటు పాత స్థితిలోనూ ఉండదు, ఇటు కొత్త స్థితిలోనూ ఉండదు. అప్పటి వేగం, వేడి మాత్రమే తీసుకుని పునఃస్ఫటికీకరణ సమయాన్ని లెక్కగట్టేవాళ్లు పొరపడేది అక్కడే.

ప్రశ్న: మేము 6082 రకం అల్యూమినియం మిశ్రమాన్ని వేడిగా డై రంధ్రం గుండా తోసి, అంటే ఎక్స్‌ట్రూజన్ చేసి తెస్తాం. కడ్డీని కోస్తే మధ్యభాగం పీచులా, అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్ల పట్టీ పెద్ద పెద్ద రేణువులతో కనిపిస్తోంది. ఒకే కడ్డీలో ఇలా ఎందుకు?

జవాబు: ఒకే కడ్డీ అయినా దాని మధ్యభాగం, అంచు వేరువేరు జీవితాలు గడిపాయి. మధ్యలోని లోహం డై గుండా దాదాపు సాపుగా సాగుతూ వచ్చింది. అంచున ఉన్నది డై గోడను రాసుకుంటూ, విపరీతమైన కోతకు (పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా చేసే ఒత్తిడికి) గురవుతూ, ఎక్కువ వేగంతో, రాపిడి వేడితో వచ్చింది. అంచులో నిల్వ శక్తి ఎక్కువ. బయటికి రాగానే, లేదా తర్వాత కలిపిన మూలకాలు లోహంలో కరిగేలా వేడి చేసే సొల్యూషన్ హీట్ ట్రీట్‌మెంట్‌లో, అక్కడ పునఃస్ఫటికీకరణ మొదలవుతుంది. నిల్వ శక్తి ఎక్కువైతే చిన్న రేణువులు రావాలి కదా, మరి పెద్దవెందుకు వచ్చాయంటారా? దానికి జవాబు ఆ లోహంలోని కణాలు చెప్పాలి.

ఈ రకంలో మాంగనీసు, కొన్నిసార్లు క్రోమియం ఉంటాయి. దిమ్మెను ముందుగా హోమోజినైజ్ చేసినప్పుడు, అంటే కూర్పు సమమయ్యేలా చాలాసేపు వేడిలో ఉంచినప్పుడు, అవి అతి చిన్న కణాలుగా విడివడి లోహమంతా పరుచుకుంటాయి. డిస్పర్సాయిడ్లు అంటాం. కదులుతున్న రేణువు సరిహద్దును అవి మేకుల్లా పట్టి ఆపుతాయి. కణాలు ఎంత సన్నగా, ఎంత దట్టంగా ఉంటే పట్టు అంత బిగువు. ఈ వాదన జీనర్‌ది. 1948లో సిరిల్ స్మిత్ తన వ్యాసంలో దాన్ని లోకానికి చెప్పాడు. 7050 రకం మిశ్రమంలో జిర్కోనియం, 7075 రకంలో క్రోమియం వేసేది ఇందుకే. మీ కడ్డీ మధ్యభాగం పీచులా నిలిచింది ఈ పట్టు వల్లే. అంచులో నిల్వ శక్తి ఆ పట్టును గెలిచింది. అయినా ఆ పట్టు ఎక్కువ బీజాలను లేవనివ్వలేదు. తప్పించుకున్న కొన్ని మాత్రం అడ్డులేకుండా పెరిగి, పైన వేడిలో ఇంకా పెద్దవయ్యాయి.

పెద్ద కణాల తీరు దీనికి పూర్తిగా ఎదురు. సుమారు 1 మైక్రాను దాటిన గట్టి కణం చుట్టూ, చల్లగా నలిపినప్పుడు, మెత్తటి లోహం సుడి తిరిగినట్టు మెలిపడుతుంది. అక్కడ స్ఫటిక దిశ పదుల డిగ్రీలు తిరిగిపోతుంది. అదే బీజానికి ఉయ్యాల. హంఫ్రీస్ 1977లో దీన్ని వివరంగా చూపించాడు. అదే కణం చుట్టూ వేడిగా, నెమ్మదిగా నలిపితే డిస్‌లొకేషన్లు కణాన్ని దాటుకుని పైకి ఎక్కి వెళ్లిపోతాయి, సుడి ఏర్పడదు. అంటే కణం ఉండటం ఒక్కటే చాలదు. దాని చుట్టూ లోహాన్ని ఎలా నలిపారన్నదీ చూడాలి. మీరు చేయగలిగిన మార్పులు మూడు: హోమోజినైజేషన్ వేడి తగ్గించి డిస్పర్సాయిడ్లను సన్నగా ఉంచడం, డై బేరింగు (లోహం రాసుకుంటూ బయటికి వచ్చే డై భాగం) దగ్గర కోతను తగ్గించడం, తోసే వేగాన్ని అదుపులో పెట్టడం. నేనైతే మొదటిదానితో మొదలుపెడతాను.

ప్రశ్న: పూర్తిగా పునఃస్ఫటికీకరణ జరిగాక రేణువులన్నీ కొత్తవే కదా. అప్పటికైనా గతం చెరిగిపోవాలి. మరి అనీల్ చేసిన రేకుతో కప్పు లాగితే అంచున చెవులు, అంటే అలల్లాంటి ఎత్తులు, ఎందుకు లేస్తాయి?

జవాబు: రేణువులు కొత్తవే, కానీ వాటి దిశలు పాత లోహం ఇచ్చినవి. రోలింగ్‌లో రేణువులు క్రమంగా తిరిగి కొన్ని దిశల వైపు గుమిగూడతాయి. దీన్ని టెక్స్చర్ అంటాం. కొత్త బీజాలు ఆ నలిగిన లోహంలోని ముక్కలే కాబట్టి వాటి దిశలు కూడా ఇష్టం వచ్చినట్టు ఉండవు. అల్యూమినియంలో తరచూ గెలిచేది క్యూబ్ అనే దిశ. అందులో స్ఫటికపు ఘనం అంచులు రేకు అంచులకు సమాంతరంగా కూర్చుంటాయి. రోలింగ్ టెక్స్చర్ బలంగా ఉన్న రేకుతో కప్పు లాగితే చెవులు రోలింగ్ దిశకు 45 డిగ్రీల దగ్గర లేస్తాయి. క్యూబ్ బలంగా ఉంటే 0, 90 డిగ్రీల దగ్గర లేస్తాయి. కప్పు అంచు చూసి రేకు ఏ దారిన వచ్చిందో చెప్పవచ్చన్నమాట.

పానీయాల డబ్బాల ఒళ్లు చేసే 3104 రకంలో దీన్ని తెలివిగా వాడుకుంటారు. వేడి రోలింగ్ తర్వాత క్యూబ్‌ను కావాలని బలంగా పెంచుతారు. ఆ తర్వాత చల్లగా గట్టిగా రోల్ చేసినప్పుడు పుట్టే 45 డిగ్రీల చెవులను, ముందే దాచుకున్న 0, 90 డిగ్రీల చెవులు చాలావరకు సరితూస్తాయి. అక్కడ గతాన్ని చెరపరు, మరో గతానికి ఎదురు నిలబెడతారు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన చక్కటి పనుల్లో ఇది ఒకటి.

ప్రశ్న: ఇవన్నీ నా కళ్లతో చూడాలని ఉంది. మా కళాశాలలో మామూలు మైక్రోస్కోప్ తప్ప ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేదు.

జవాబు: మీ మైక్రోస్కోప్‌కు రెండు పోలరైజర్లు ఉంటే చాలు. నమూనాను అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేయండి. నీటిలో సుమారు 2 శాతం ఫ్లోబోరిక్ ఆమ్లం కలిపిన బార్కర్ ద్రావణంలో, నమూనాను ధన ధ్రువానికి కలిపి, 20 వోల్టుల దగ్గర ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు, పొగ లాగే గూడు తప్పనిసరి. ఆ ఆమ్లంలో ఫ్లోరైడు ఉంది, ఒంటికి తగలకూడదు. బయటికి తీసినప్పుడు మామూలు వెలుతురులో ఏమీ కనిపించదు, నిరాశపడకండి. పోలరైజర్లను అడ్డంగా తిప్పగానే రేణువులు తలో ఛాయతో విడివిడిగా తేలతాయి. టింట్ ప్లేటు కూడా ఉంటే ఒక్కోదానికి ఒక్కో రంగు వస్తుంది.

సగం అనీల్ చేసిన ముక్కతో మొదలుపెట్టండి. రోల్ అయిన భాగం పొడవాటి చారలుగా ఉంటుంది, ఒక్కో చారలోనూ రంగు చివర నుంచి చివరకు నెమ్మదిగా మారుతూ పోతుంది. ఆ మార్పే లోపల పేరుకున్న దిశాభేదం. వాటి మధ్య అక్కడక్కడ ఒకే రంగుతో, ఏ మచ్చా లేకుండా, పదునైన అంచులతో నిలిచినవి కొత్త రేణువులు. అవి ఎక్కడ పుట్టాయో గమనించండి: పాత సరిహద్దుల మీదా, పెద్ద కణాల చుట్టూనా, చారలను ఏటవాలుగా కోసే షియర్ బ్యాండుల్లోనా (కోత ఒక్కచోట చేరిన సన్నని పట్టీల్లోనా)? ముక్క కోసేటప్పుడు రోలింగ్ దిశ వెంట, మందం కనిపించేలా కోయండి. రేకు పైతలం మాత్రమే చూస్తే చారలు కనబడవు. కోయడానికి ముందే రేకు మీద రోలింగ్ దిశను గీతతో గుర్తుపెట్టండి. అచ్చులో బిగించి పాలిష్ చేశాక ఏ వైపు ఏదో ఎవరూ చెప్పలేరు.